రోజరు విలియమ్సు

ఒక దేశమును ఏలు రాజు ఏ మతము నవలంబించునో, ఆ దేశప్రజలెల్లరును ఆ మతమునే అవలంబింపవలెనను నియమము పూర్వము ఐరోపాఖండమునందలి పెక్కు రాజ్యములలో నుండెను. రాజాజ్ఞను మీరి వేరొక విధమున దేవుని కొలుచువాడు రాజద్రోహిగా నెంచబడుచుండెను. అట్టివానికి చెరసాలయో, కొరడాదెబ్బలో, దేశబహిష్కారమో, ఒక్కొక్కప్పుడు మరణదండనమో ప్రాప్తించుచుండెను. నేడు పాశ్చాత్యదేశములలో పెక్కింట మతము ప్రతిమనుష్యుని సొంత విషయముగా భావింపబడుచున్నది. ఈ గొప్ప మార్పు ఎట్లు కలిగినది? మతమునందు విశ్వాసము సడలినవారే దీనిని సాధించిరని కొందరు తలంతురు. అది సంపూర్ణసత్యము కాదు. దైవభక్తి నిండిన క్రైస్తవులు కొందరు, తమ భక్తి కారణముగానే, రాజ్యాధికారము మనుజుని అంతరాత్మపై చేయి వేయరాదని వాదించిరి. అట్టివారిలో అగ్రగణ్యుడు రోజరు విలియమ్సు.

ఆయన కథ తెలియుటకు ముందు క్రైస్తవమతచరిత్ర కొంత తెలియవలెను. ఆ మతము పుట్టిన తరువాత సుమారు మూడువందల సంవత్సరములు రోమను సామ్రాజ్యమున క్రైస్తవులు పలుమార్లు హింసల పాలైరి. క్రీ. శ. 313లో కాన్‌స్టంటైను చక్రవర్తి వారికి స్వేచ్ఛ నొసగెను. 380లో థియొడోసియసు చక్రవర్తి క్రైస్తవమును రాజ్యమతముగా ప్రకటించెను. అప్పటినుండి కథ తలక్రిందులయ్యెను. హింసకు గురియైన మతమే రాజదండమును చేపట్టి, అన్యులను, తమలోనే భిన్నాభిప్రాయము గలవారిని హింసింప సాగెను. పదునారవ శతాబ్దమున మార్టిను లూథరు మొదలగు సంస్కర్తలు బయలుదేరినపిమ్మట క్రైస్తవులు పలు శాఖలుగా చీలిరి. ప్రతిశాఖయు తానే సత్యమనుచు రాజుల సహాయముతో తక్కినవారిని అణచ జూచెను. ఇంగ్లండు దేశమున 1534లో ఎనిమిదవ హెన్రీ రాజు తానే సంఘమునకు శిరస్సునని శాసనము చేయించెను. ఆ సంఘమున పరిశుద్ధి చాలదని తలంచి, దానిని ఇంకను సంస్కరింప గోరినవారికి ప్యూరిటనులని పేరు.

రోజరు విలియమ్సు 1603వ సంవత్సర ప్రాంతమున లండను నగరమున జన్మించెను. తండ్రి బట్టల వ్యాపారము చేయువాడు. వారి యిల్లు స్మిత్‌ఫీల్డు అను పేటలో నుండెను. అచ్చటి మైదానమున పశువుల సంత జరుగుచుండెను. మతవిరోధులని తీర్పు పొందినవారిని సజీవముగా దహించు స్థలము కూడ అదియే. 1612లో బార్తలోమ్యూ లెగేటు అను నాతడు, క్రీస్తునుగూర్చి సంఘబోధకు విరుద్ధమైన అభిప్రాయము గలిగియున్నందుకు ఆ మైదానముననే కాల్చబడెను. అప్పటికి విలియమ్సునకు ఎనిమిది తొమ్మిది ఏండ్ల ప్రాయము. మనుజుని నమ్మకమునకు నిప్పుతో సమాధానము చెప్పు రాజ్యమున ఆ బాలుడు పెరిగెను.

బాల్యముననే ఆతడు శీఘ్రలిపిని నేర్చెను. మతోపన్యాసములను, న్యాయస్థానమునందలి ప్రసంగములను వినుచు వెంటవెంటనే వ్రాసికొనుచుండెను. ఆ నేర్పు సర్ ఎడ్వర్డు కోకు అను గొప్ప న్యాయవేత్త కంటబడెను. రాజు సైతము ధర్మశాసనమునకు లోబడియే యుండవలెనని నిర్భయముగా పలికి, 1616లో తన ప్రధానన్యాయాధిపతి పదవిని పోగొట్టుకొనిన మహాశయు డాతడు. కోకు ఆ బాలుని పుత్రవాత్సల్యముతో చేరదీసి, చార్టర్‌హౌస్ పాఠశాలలో చేర్పించెను. తరువాత విలియమ్సు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పెంబ్రోకు కళాశాలలో చదివి 1627లో పట్టభద్రుడయ్యెను. లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలలో పాండిత్యము గడించెను. అధికారము ఎంత గొప్పదైనను దానికొక హద్దు కలదను పాఠమును మాత్రము ఆయన కోకు చెంత నేర్చెనని చెప్పవచ్చును.

విలియమ్సు మతబోధకుడై, ఎసెక్సు మండలమున ఒక ధనికకుటుంబమునకు గురువుగా నుండెను. 1629లో మేరీ బెర్నార్డు అను యువతిని వివాహమాడెను. ఆ దినములలో విలియం లాడు అను బిషప్పు ప్యూరిటనులపై కఠినచర్యలు గైకొనుచుండెను. రాజు నిర్ణయించిన ప్రార్థనాపద్ధతిని అంగీకరింపనివారికి ఇంగ్లండులో నిలువనీడ లేకపోయెను. విలియమ్సు దంపతులు 1630 డిసెంబరులో బ్రిస్టలు రేవున లయను అను ఓడ నెక్కి, శీతకాలపు సముద్రముపై రెండు నెలలు ప్రయాణము చేసి, 1631 ఫిబ్రవరి 5వ తేదీన అమెరికాతీరము చేరిరి.

అచ్చట మసాచూసెట్సు అను వలసరాజ్యమును ప్యూరిటనులు క్రొత్తగా స్థాపించుచుండిరి. బోస్టను దాని ముఖ్యపట్టణము. ఇంగ్లండులో తమను బాధించిన నిర్బంధమును తప్పించుకొని వచ్చినవారే వారు. అయినను స్వేచ్ఛ యనగా తమ మతమును తాము అనుసరించు స్వేచ్ఛ యని మాత్రమే వారు గ్రహించిరి. ఇతరులకు అట్టి స్వేచ్ఛ నిచ్చుట పాపమని వారి నమ్మకము. సంఘసభ్యులు కానివారికి ఓటుహక్కు లేదని 1631లో శాసనము చేసిరి. సబ్బాతు దినమును పాటింపనివారిని, సంఘమునకు విరుద్ధముగా మాటలాడినవారిని అధికారులు శిక్షించుచుండిరి.

విద్వాంసుడును సచ్ఛీలుడును అగు విలియమ్సు వచ్చెనని విని బోస్టను సంఘమువారు సంతసించి, తమకు బోధకుడుగా నుండుమని ప్రార్థించిరి. క్రొత్తగా వచ్చిన యువకునకు అంతకంటె గొప్ప గౌరవము లేదు. విలియమ్సు దానిని నిరాకరించెను. ఆ సంఘము ఇంగ్లండు రాజసంఘముతో సంబంధమును పూర్తిగా తెంచుకొనలేదని ఆయన యాక్షేపణ. అంతకంటె ముఖ్యమైన మరియొక మాటను కూడ ఆయన చెప్పెను. దేవునిపట్ల మనుజుడు చేయు అపరాధములను శిక్షించుటకు ప్రభుత్వాధికారులకు హక్కు లేదనెను. దొంగతనము, హత్య మొదలగునవి సాటిమనుష్యులకు హాని కలిగించును గనుక వానిని అధికారులు శిక్షింపవలెను. ప్రార్థన, విశ్వాసము మనుజునకును దేవునకును నడుమ నుండు విషయములు. అందు అధికారికి ప్రవేశము లేదు. ఈ మాట బోస్టను పెద్దలకు పిడుగుపాటువలె తోచెను.

విలియమ్సు కొంతకాలము సేలము పట్టణమునను, పిమ్మట రెండు సంవత్సరములు ప్లిమత్తు వలసయందును నివసించి, 1633లో మరల సేలము చేరెను. పొట్టకూటికై పొలము దున్నుచు, వర్తకము చేయుచు, తీరిక దొరికినపుడెల్ల ఆదిమవాసుల గుడిసెలకు పోయి వారితో కలిసి యుండెడివాడు. పొగ నిండిన ఆ గుడిసెలలో నిద్రించి, వారు పెట్టినది తిని, వారి భాషను నేర్చెను. ఆ పరిచయమువలన ఆయనకు మరియొక సత్యము గోచరించెను. ఆ భూమి యెల్ల ఆదిమవాసులది. సముద్రమున కావల నుండు ఇంగ్లండురాజు, తాను క్రైస్తవుడను కారణమున, తనది కాని భూమిని తన ప్రజలకు దానము చేయుట ఎట్టి న్యాయము? భూమి కావలసినవారు దాని యజమానులను అడిగి వెల యిచ్చి కొనవలెనని విలియమ్సు వాదించెను. ఈ వాదము నిలిచినచో మసాచూసెట్సు వలసకు పునాదియే కదలును.

అధికారుల సహనము నశించెను. 1635 అక్టోబరు మాసమున విలియమ్సును న్యాయసభ యెదుట నిలిపిరి. వలసలోని పండితులు ఆయనతో వాదించి మనస్సు మార్ప యత్నించిరి. తప్పు నొప్పుకొనినయెడల సుఖముగా సేలములో బోధకుడుగా నుండవచ్చును. ఇంట భార్య నిండుచూలాలు. చిన్న కుమార్తె కలదు. విలియమ్సు తన మాటను వెనుకకు తీసికొనలేదు. అక్టోబరు 9వ తేదీన సభవారు ఆయనకు దేశబహిష్కారశిక్ష విధించిరి. ఆ మాసముననే పుట్టిన రెండవ కూతునకు ఆయన ఫ్రీబార్ను అని పేరిడెను. స్వతంత్రముగా జన్మించినదని దాని యర్థము.

శీతకాలము సమీపించుటచే వసంతమువరకు ఉండుటకు అనుమతి నిచ్చిరి గాని, తన అభిప్రాయములను ఇతరులకు బోధింపరాదని షరతు పెట్టిరి. మిత్రులు ఆయన యింట గుమిగూడి మాటలు వినుట మానలేదు. అందుచే 1636 జనవరిలో ఆయనను బంధించి ఓడ నెక్కించి ఇంగ్లండునకు పంపివేయుటకు అధికారులు నిశ్చయించిరి. అచ్చట లాడు బిషప్పు చేతిలో పడినచో ఆయన గతి ఏమగునో ఊహించుట కష్టము కాదు. ఒకప్పటి గవర్నరు జాన్ విన్‌త్రాపు విలియమ్సు అభిప్రాయములను అంగీకరింపకున్నను ఆయనయందు స్నేహభావము గలవాడు. నారగాన్సెట్టు అఖాతపుదిక్కునకు పొమ్మని రహస్యముగా సలహా పంపెను. భటులు వచ్చి తలుపు తట్టునప్పటికి విలియమ్సు వెడలిపోయి మూడు దినములైనది.

ఆ సంవత్సరపు చలి మిక్కిలి తీవ్రమైనది. అడవులు మంచుతో కప్పబడియుండెను. భార్యను, ఇద్దరు పసిబిడ్డలను సేలములో విడిచి, వ్యాధిచే శుష్కించిన దేహముతో ఆయన ఒంటరిగా మంచులో నడచిపోయెను. సుమారు పదునాలుగు వారములు నిలుకడయైన ఆశ్రయము లేక బాధపడెను. ఆనాడు ఆయన ప్రాణమును నిలిపినవారు క్రైస్తవులు కారు. వాంపనోగు తెగ నాయకుడగు మసాసాయిటు, పూర్వస్నేహమును మరువక, ఆయనకు నీడ నిచ్చెను. ఒకే బైబిలును చదువు తోటిక్రైస్తవులు వెళ్లగొట్టగా, బైబిలు పేరు నెరుగని ఆదిమవాసులు ఆదరించిరి. ఈ సంగతిని విలియమ్సు జీవితాంతము మరువలేదు.

వసంతఋతువు రాగానే కొందరు మిత్రులు వచ్చి చేరిరి. నారగాన్సెట్టు తెగ నాయకులగు కనానికసు, మియాంటొనోమీ అనువారు ఆయనకు అఖాతపు శిరస్సున భూమి నిచ్చిరి. 1636లో అచ్చట ఒక గ్రామము వెలసెను. కష్టకాలమున దేవుడు తన్ను కాపాడెనను కృతజ్ఞతతో విలియమ్సు దానికి ప్రావిడెన్సు అని పేరిడెను. దైవసంరక్షణము అని ఆ పదమునకు అర్థము. అంతరాత్మ కారణముగా బాధలు పడువారి కెల్ల అది ఆశ్రయముగా నుండవలెనని ఆయన కోరిక. తాను పొందిన భూమిని తనకే యుంచుకొనక, వచ్చినవారికి పంచి యిచ్చెను.

గ్రామస్థులు ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. అధికసంఖ్యాకుల నిర్ణయమునకు అందరును లోబడవలెను. అయితే లౌకికవిషయములలో మాత్రమే లోబడవలెనని అందు చేర్చిరి. ఈ చిన్న నిబంధనయందు ఒక గొప్ప భావము ఇమిడియున్నది. దారులు వేయుట, పన్నులు విధించుట, తగవులు తీర్చుట గ్రామసభ పని. దేవుని ఎట్లు కొలువవలెనో, అసలు కొలువవలెనో లేదో నిర్ణయించుట దాని పని కాదు.

ఆ నిబంధనకు త్వరలోనే పరీక్ష వచ్చెను. జాషువా వెరిను అను గృహస్థుడు విలియమ్సునకు పొరుగువాడు. అతని భార్య జేను, విలియమ్సు యింట జరుగు ప్రార్థనలకు పోవుచుండెను. భర్త కది గిట్టలేదు. ఆతడు ఆమెను ప్రార్థనలకు పోనీయక తీవ్రముగా కొట్టెను. భార్య భర్తమాట వినవలెనుగదా యని కొందరు ఆతని పక్షమున పలికిరి. భార్యకును అంతరాత్మ కలదని తక్కినవారు వాదించిరి. 1638 మే మాసమున గ్రామసభ, భార్య అంతరాత్మ స్వేచ్ఛను అడ్డగించిన కారణమున, వెరినునకు ఓటుహక్కు తీసివేసెను. స్త్రీలకు ప్రభుత్వవిషయములలో ఏ హక్కును లేని ఆ కాలమున ఇట్టి తీర్పు అపూర్వము. వెరిను కోపించి భార్యతో సేలమునకు మరలిపోయెను. తీర్పు వెలువడినను ఆ యిల్లాలి కష్టము తీరలేదు.

విలియమ్సు తన్ను వెళ్లగొట్టినవారికి సహితము మేలే చేసెను. 1637లో పీకాటు తెగకును ఇంగ్లీషువారికిని యుద్ధము సంభవించెను. నారగాన్సెట్టులు పీకాటులతో కలిసినచో వలసలు మిగులవు. మసాచూసెట్సు పెద్దలు విలియమ్సును వేడుకొనిరి. ఆయన చిన్నపడవపై ఒంటరిగా గాలివానలో పోయి, నారగాన్సెట్టు నాయకులతో మాటలాడి ఆ కూటమిని నివారించెను. ఇంత చేసినను మసాచూసెట్సువారు బహిష్కారమును రద్దు చేయలేదు.

ప్రావిడెన్సు సమీపమున అట్టి నిర్వాసితులే మరికొన్ని గ్రామములను కట్టుకొనిరి. బోస్టనునుండి వెడలగొట్టబడిన ఆన్ హచిన్‌సన్ అను విదుషీమణియు ఆమె యనుచరులును 1638లో పోర్ట్‌స్మత్తును స్థాపించిరి. 1639లో న్యూపోర్టు వెలసెను. చుట్టునున్న వలసలు ఈ గ్రామములను ఆక్రమింప జూచుచుండెను. కావున ఇంగ్లండునుండి అధికారపత్రమును సంపాదించుటకై 1643లో విలియమ్సు లండనునకు బయలుదేరెను. బోస్టను రేవున అడుగిడుటకు ఆయనకు అనుమతి లేనందున, డచ్చివారి రేవగు న్యూ ఆంస్టర్‌డాం నుండి ఓడ నెక్కవలసివచ్చెను. ఓడలో నున్న దినములను వృథా చేయక, నారగాన్సెట్టు భాషనుగూర్చి, ఆ తెగవారి ఆచారములనుగూర్చి ఒక గ్రంథమును వ్రాసి లండనులో ముద్రింపించెను. వారి ఆతిథ్యమును, న్యాయబుద్ధిని అందు మెచ్చుకొనెను.

1644లో పార్లమెంటునుండి అధికారపత్రము లభించెను. ఆ సంవత్సరముననే ఆయన తన ముఖ్యగ్రంథమును ప్రకటించెను. మతము పేర జరుగు హింసను ఖండించుచు, సత్యము శాంతి అను ఇద్దరు వ్యక్తుల సంభాషణరూపమున వ్రాసిన గ్రంథమది. అందలి వాదములు చాలవరకు బైబిలునుండి గ్రహింపబడినవే. క్రీస్తు చెప్పిన ఒక ఉపమానకథ కలదు. ఒక రైతు పొలములో గోధుమలు చల్లెను. రాత్రివేళ శత్రువు వచ్చి కలుపువిత్తనములు చల్లిపోయెను. రెండును మొలచినపుడు సేవకులు కలుపును పెరికివేయుదుమనిరి. కలుపుతోపాటు గోధుమలు కూడ ఊడివచ్చును గనుక కోతకాలమువరకు రెంటిని పెరుగనిండని రైతు చెప్పెను. పొలమనగా లోకము, కోత కోయించువాడు దేవుడు. కావున తప్పుమతమని తోచినదానిని రాజు ఖడ్గముతో పెరికివేయరాదని విలియమ్సు తేల్చెను. యూదులకు, మహమ్మదీయులకు, విగ్రహారాధకులకు కూడ ఈ స్వేచ్ఛ యుండవలెనని ఆయన స్పష్టముగా వ్రాసెను.

ఆయన వాదమునకు మూలము మతమునందలి ఉపేక్ష కాదు. విశ్వాసము హృదయమున పుట్టవలసినది. భయముచే మోకరిల్లినవాడు కపటి యగును గాని భక్తుడు కాడు. బలవంతపు ప్రార్థన దేవునకే అవమానకరము. పైగా రాజు చేయి తగిలినచోట మతమే చెడిపోవును. కాన్‌స్టంటైను కాలమునుండి క్రైస్తవమునకు సంపద పెరిగినది గాని స్వచ్ఛత తరిగినదని ఆయన తలంచెను. సంఘము ఒక తోట వంటిది. లోకము అడవి వంటిది. రెంటి నడుమ గోడ యుండవలెనని ఆయన పోల్చి చెప్పెను. తోటను కాపాడుటకే ఆయన గోడను కోరెను. ఆ గ్రంథమును తగులబెట్టవలసినదని 1644 ఆగస్టులో పార్లమెంటు ఆజ్ఞాపించెను. అప్పటికే విలియమ్సు తిరుగుప్రయాణమున నుండెను.

స్వేచ్ఛ యనగా విచ్చలవిడితనమని కొందరు భ్రమపడిరి. ఆయన వలసకు అధ్యక్షుడుగా నున్న కాలమున, 1655లో, అంతరాత్మ పేరు చెప్పి కొందరు ఆయుధములు పట్టమనిరి, ప్రభుత్వాజ్ఞలే వలదనిరి. విలియమ్సు వారికి ఒక లేఖ వ్రాసి, రాజ్యమును సముద్రముపై పోవు ఓడతో పోల్చెను. అందు పలుమతములవారు ఎక్కుదురు. ఓడలోని ప్రార్థనకు రమ్మని ఎవ్వరిని నిర్బంధింపరాదు. తమ ప్రార్థన తాము చేసికొనువారిని ఆపరాదు. అయినను ఓడ నడుపు అధికారము నాయకునిదే. ఓడ కూలి చెల్లింపనివానిని, తన పని తాను చేయనివానిని, తిరుగుబాటు చేయువానిని ఆతడు దండింపవచ్చును. అంతరాత్మకు హద్దులు గీయరాదు. నడవడికి మాత్రము ధర్మశాసనము వర్తించును.

ఆయన సిద్ధాంతమునకు అసలైన పరీక్ష క్వేకరులవలన వచ్చెను. ప్రతిమనుష్యుని యందును దైవజ్యోతి కలదని నమ్ము క్రైస్తవశాఖ అది. 1656లో వారు బోస్టనులో అడుగిడగా, అధికారులు వారిని చెరబట్టి, కొరడాలతో కొట్టించి, వెళ్లగొట్టిరి. 1659 మొదలు 1661 వరకు నలుగురిని ఉరితీసిరి. వారిలో మేరీ డయరు అను స్త్రీ కూడ కలదు. క్వేకరులను వెడలగొట్టుమని 1657లో ఇరుగుపొరుగు వలసలు రోడుఐలండునకు వ్రాసెను. విలియమ్సు వలస కది ప్రసిద్ధమైన పేరు. తమ నమ్మకమును నోట పలికినందుకు శిక్షించు శాసనము తమకు లేదని రోడుఐలండువారు ప్రత్యుత్తర మిచ్చిరి.

విలియమ్సునకు క్వేకరుల బోధ ఏమాత్రమును నచ్చలేదు. అది బైబిలునకు విరుద్ధమని ఆయన దృఢవిశ్వాసము. 1672లో, డెబ్బదియేండ్లకు సమీపించిన వయస్సున, క్వేకరులతో వాదించుటకై ప్రావిడెన్సునుండి న్యూపోర్టునకు దినమెల్ల తానే తెడ్డు వేసికొనుచు పడవలో పోయి అర్ధరాత్రికి చేరెను. న్యూపోర్టులో మూడు దినములును, ప్రావిడెన్సులో ఒక దినమును వాదము జరిగెను. ఆయన కఠినముగా మాటలాడెను. తరువాత వారిని నిందించుచు ఒక గ్రంథము కూడ వ్రాసెను. అయినను వారిలో ఒక్కరినైనను చెరలో పెట్టుమని కోరలేదు. మనకు నచ్చినవారికి స్వేచ్ఛ నిచ్చుట సులభము. నచ్చనివారికి సైతము దానిని నిలిపియుంచుటయే విలియమ్సు గొప్పతనము.

ఆయన కృషి ఫలముగా రోడుఐలండు పలువురకు శరణ్యమయ్యెను. 1658 ప్రాంతమున యూదులు న్యూపోర్టులో నివాస మేర్పరచుకొనిరి. 1763లో వారు ప్రతిష్ఠించిన ప్రార్థనామందిరము నేటికిని నిలిచియున్నది. విలియమ్సు మిత్రుడగు జాన్ క్లార్కు అను వైద్యుడు ఇంగ్లండులో పండ్రెండేండ్లు పాటుపడి, 1663లో రెండవ చార్లెసు రాజునుండి నూతనాధికారపత్రమును సంపాదించెను. శాంతిభంగము కలిగింపనివారిని మతాభిప్రాయభేదము కారణముగా బాధింపరాదని అందు వ్రాయబడెను.

విలియమ్సు చరమకాలము దుఃఖమయము. ఇంగ్లీషువారి భూదాహము పెరుగుటచే ఆదిమవాసులు విసిగిరి. 1675లో ఘోరయుద్ధము చెలరేగెను. 1676 మార్చిలో నారగాన్సెట్టు యోధులు ప్రావిడెన్సును తగులబెట్టిరి. విలియమ్సు యిల్లు కూడ బూడిదయ్యెను. నలుబదియేండ్ల స్నేహము ఆ మంటలలో కలిసిపోయెను. యుద్ధానంతరము పట్టుబడిన ఆదిమవాసులను కొంతకాలపు దాస్యమునకు అమ్ముటకు గ్రామము ఏర్పరచిన సంఘములో విలియమ్సు కూడ నుండెను. వారి భూమి హక్కునకై దేశబహిష్కృతుడైన ఆయన ఇట్లు చేయుట ఆయన చరిత్రయందు మచ్చయే. మహాపురుషులు సహితము కాలపు నీడను పూర్తిగా దాటలేకపోవుట చరిత్రలో పెక్కుచోట్ల కనబడును.

1683 ప్రారంభమున విలియమ్సు పేదవాడుగనే కన్నుమూసెను. ఆయన బీజము మాత్రము నశింపలేదు. అదే శతాబ్దమున, 1689లో, ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాకు మతసహనమును సమర్థించుచు గ్రంథము ప్రకటించెను. తరువాతి శతాబ్దమున హేతువాదులును, బాప్టిస్టులు మొదలగు క్రైస్తవశాఖలవారును చేయి కలిపి అమెరికాలో మతస్వేచ్ఛకై పోరాడిరి. 1787లో రచింపబడిన సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగము, ప్రభుత్వోద్యోగములకు మతపరీక్ష యుండరాదనెను. 1791లో చేర్చబడిన మొదటి సవరణ, కాంగ్రెసు ఏ మతమును రాజ్యమతముగా స్థాపింపరాదనియు, ఏ మతాచరణమును నిషేధింపరాదనియు శాసించెను. 1802లో అధ్యక్షుడు జెఫర్సను బాప్టిస్టులకు వ్రాసిన లేఖయందు మరల ఆ గోడ ఉపమానమే కానవచ్చును. 1936లో మసాచూసెట్సు శాసనసభ విలియమ్సు బహిష్కారమును రద్దు చేసెను. తీర్పు చెప్పి అప్పటికి మూడువందల సంవత్సరములైనది.

పాశ్చాత్యసమాజమును క్రైస్తవమతము ఒకే రీతిగా తీర్చిదిద్దలేదు. స్మిత్‌ఫీల్డులో మంట రగిలించినవారును, బోస్టనులో ఉరికంబము నాటినవారును బైబిలునే ఆధారముగా చూపిరి. మంచులో నడచిపోయి, అందరికి తలుపులు తెరచిన గ్రామమును కట్టినవాడును ఆ గ్రంథమునే ఆధారముగా చూపెను. లౌకికరాజ్యమను భావమునకు తల్లివేరులలో నొకటి ఆ భక్తుని హృదయమున నున్నది. తన నమ్మకమునందు ఎంత దృఢముగా నున్నను, ఎదుటివాని అంతరాత్మ యెదుట ఆగిపోవుట నేర్చినవాడే నిజమైన ధార్మికుడు. రోజరు విలియమ్సు జీవితము బోధించు నీతి ఇదియే.